ఫ్యాన్ ఆక్సిజన్‌ని లాక్కోదు

కిటికీలు మూసి రాత్రంతా ఫ్యాన్ వేసుకుంటే ఊపిరాడక చనిపోతారన్న దక్షిణ కొరియా నమ్మకం గురించి మీ వ్యాసంలో రాశారు. అది ఎందుకు నిజం కాదో లెక్క కూడా ఇవ్వాల్సింది. 3×3 మీటర్ల గది, ఎత్తు 2.7 అంటే సుమారు 24,000 లీటర్ల గాలి, అందులో ఆక్సిజన్ 5,000 లీటర్లు. నిద్రలో మనిషి గంటకు వాడేది దాదాపు 15 లీటర్లు, ఎనిమిది గంటలకు 120. గది సందు లేకుండా మూసినా ఆక్సిజన్ 21 శాతం నుంచి అర శాతమే తగ్గుతుంది. ఫ్యాన్ దేన్నీ మండించదు కాబట్టి దాని వాటా సున్నా. ఫ్యాన్ గాలికి ఒళ్లు మరీ చల్లబడి చనిపోతారన్న వాదనా నిలవదు. ఫ్యాన్ చెమటను ఆరబెడుతుందే గానీ గదిని చల్లబరచదు, మోటారు వేడి గదిలోనే ఉంటుంది.

2006లో కొరియా వినియోగదారుల రక్షణ సంస్థే ఫ్యాన్ వల్ల ఊపిరాడకపోవడాన్ని వేసవి ప్రమాదాల్లో చేర్చడం నాకు బాధ కలిగించింది. వడదెబ్బ, గుండెజబ్బు లాంటి చావుకు అసలు కారణాలు ఇలాంటి నమ్మకాల వల్లే మరుగున పడతాయి.

భయపడాల్సినవి వేరే ఉన్నాయి. గదిలో 40 డిగ్రీలు దాటితే ఫ్యాన్ వేడిగాలినే ఒంటికి కొడుతుంది, తడిగుడ్డతో ఒళ్లు తుడుచుకుంటూ ఉండాలి. కెపాసిటర్ (మోటారు తిరగడం మొదలవడానికి తోడ్పడే భాగం) బలహీనపడినా, బుష్‌లో (ఇరుసు తిరిగే చిన్న గొట్టంలో) నూనె ఎండినా రెక్కలు తిరగక వైండింగ్ (మోటారులోని తీగచుట్ట) కాలుతుంది. చేత్తో తోస్తేగానీ తిరగని ఫ్యాన్‌ని రాత్రిపూట అస్సలు వేయొద్దు.