సవరణ: శాంతి వృక్షంపై గద్ద యుద్ధ చిహ్నం కాదు

ఉత్తర అమెరికాలోని ఇరోక్వాయ్ (హోడెనోషోనీ) అనే ఆదివాసీ జాతుల సమాఖ్య వారి ఐక్యతకు చిహ్నమైన శాంతి వృక్షం గురించి మొన్నటి పోస్టులో రాస్తూ, చెట్టు కొననున్న గద్దను యుద్ధ విజయానికి గుర్తు అన్నాను. అది తప్పు. వారి మౌఖిక సంప్రదాయం, అచ్చయిన మహా శాంతి ధర్మం (ఆ సమాఖ్య మూల నియమావళి) పాఠాల ప్రకారం ఆ గద్ద కావలి పక్షి. దూరాన ముప్పు కనబడితే ముందే హెచ్చరిస్తుంది. అసలు ఆయుధాలను వేళ్ల కింద పూడ్చిపెట్టిన చెట్టు అది! నాలుగు దిక్కులకూ పాకిన ఆ తెల్లని వేళ్ల వెంట వచ్చి, శాంతి ధర్మానికి ఒప్పుకున్న ఎవరైనా దాని నీడన చేరవచ్చు. నాయకులు ఏ నిర్ణయం తీసుకున్నా, ముఖాలు ఇంకా నేల కిందే ఉన్నవారి, అంటే పుట్టబోయేవారి, మేలు కూడా చూడాలని ఆ ధర్మం ఆదేశిస్తుంది. గద్ద కాపలా వారి కోసం కూడా. పాత పోస్టును పంచుకున్నవారు దయచేసి ఈ సవరణను జతచేయండి.