లాక్‌హార్ట్ పొగ మనకు పరాయిది కాదు

ఆస్టిన్ పరిసరాల్లో ఏళ్ల తరబడి స్థిరపడిన తెలుగు కుటుంబాల దగ్గర లాక్‌హార్ట్ ఊసెత్తితే ఎక్కువగా వినిపించే మాట, ‘అక్కడ మనం తినేదేముంటుందండీ?’ అని. అంతటితో ఆ సంగతి ముగిసిపోతుంది. పెర్లాండ్‌లోని మీనాక్షి అమ్మవారి గుడికి గంటల తరబడి కారు నడుపుకుంటూ వెళ్తాం. శాన్ ఆంటోనియోలో నది ఒడ్డున పిల్లలను తిప్పుతాం. ఆస్టిన్‌కు దక్షిణంగా 30 మైళ్ల దూరంలో, నూరేళ్లకు పైగా కట్టెల పొయ్యిలో మాంసానికి పొగ పట్టించి వండే బార్బెక్యూనే నమ్ముకున్న ఊరు ఒకటుందంటే మాత్రం మనకు సంబంధించినది కాదని పక్కన పెట్టేస్తాం. ఈ ధోరణి నాకు నచ్చదు. ఎందుకు నచ్చదో మన సంఘం పత్రికలోనే చెప్పడం మంచిదనిపించింది.

ఎవరేం తినాలన్నది వారి ఇష్టం, వారి ఇంటి ఆచారం. గొడ్డుమాంసం ముట్టని ఇళ్లు మనలో చాలా ఉన్నాయి. మా ఇల్లూ అలాంటిదే. ఆ పట్టింపు వదులుకోమని ఎవరికీ చెప్పను. అయితే ఈ నేల మీద ఇల్లు కొన్నాం, పన్నులు కడుతున్నాం, పిల్లలను ఇక్కడి బడిలోనే చదివిస్తున్నాం. రేపు ఎవరైనా ‘మీది ఏ ఊరు’ అని అడిగితే మన పిల్లలు గుంటూరనో కరీంనగరనో చెప్పరు, టెక్సాస్ అనే చెబుతారు. తమ ఊరి వంట ఏమిటో, దాన్ని ఎవరు వండారో, ఎలా నిలబెట్టుకున్నారో వాళ్లకు తెలియకపోవడం నాకు లోటుగా కనిపిస్తుంది.

లాక్‌హార్ట్ కాల్డ్‌వెల్ కౌంటీకి కేంద్రం. ఊరి నడుమ 1894 నాటి న్యాయస్థానం, దాని చుట్టూ పాత ఇటుక దుకాణాలు. టెక్సాస్ ప్రతినిధుల సభ 1999లో దీన్ని రాష్ట్రానికి బార్బెక్యూ రాజధానిగా ప్రకటిస్తూ తీర్మానం చేసింది. ఆ పేరు ఊరికే రాలేదు. పంతొమ్మిదో శతాబ్దంలో జర్మనీ నుంచి, చెక్ ప్రాంతాల నుంచి వలస వచ్చినవారు మధ్య టెక్సాస్ ఊళ్లలో మాంసం కొట్లు పెట్టారు. ఫ్రిజ్‌లు లేని రోజులు. ఆ పూటకు అమ్ముడుపోని మాంసాన్ని పాడవకుండా పొగ పట్టించేవారు, తరుగును సాసేజ్‌లుగా చుట్టేవారు. పత్తి ఏరే కాలంలో పొలాల నుంచి వచ్చిన కూలీలు ఆ మాంసాన్ని తూకానికి కొని, పొట్లం కట్టిన కాగితం విప్పి దాని మీదే పెట్టుకుని, కొట్లో దొరికే ఉప్పు క్రాకర్లు, ఉల్లిపాయ నంజుకుని చేత్తో తినేవారు. ఇప్పటికీ అక్కడ మాంసం పౌండ్ల లెక్కనే అమ్ముతారు, ఆ కాగితం మీదే వడ్డిస్తారు. చేత్తో తినే అలవాటున్న మనకు ఇంతకంటే సులువుగా కలిసిపోయే భోజనశాల అమెరికాలో ఇంకెక్కడ దొరుకుతుంది?

చూడవలసిన చోటు స్మిటీస్ మార్కెట్. 1924లో కట్టిన భవనం. వెనుక వాకిలి నుంచి లోపలికి అడుగుపెడితే ముందుగా ఎదురయ్యేది మంట. ఇటుకలతో కట్టిన పొడవాటి పొయ్యి చివర, నేల మీదే ఓక్ దుంగలు మండుతూ ఉంటాయి. వరుసలో నిలబడ్డవారి కాళ్లకు సెగ తగులుతుంది. ఆ వేడి, పొగ పొయ్యిలోకి లాగుకుపోయి అవతలి కొసన పొగగొట్టం గుండా బయటికి వెళ్తాయి. మాంసం మంట మీద ఉండదు. మంటకూ పొగగొట్టానికీ మధ్య, వేడిగాలి పారే దారిలో ఉంటుంది. పట్టించేది ఉప్పు, మిరియాలు, కాస్త కారం. ఇనుప రేకు మూత ఎత్తి, పొడవాటి ఫోర్కుతో ముక్కను పైకి తీసి, చెక్క మొద్దు మీద కోసి, కాగితం పరిచిన త్రాసులో వేస్తారు. తరాల మసి పట్టి గోడలు నల్లగా నిగనిగలాడుతుంటాయి. పెరట్లో గ్యాస్ గ్రిల్ మీద చికెన్ కాల్చుకునే మన వారాంతపు వంటకూ దీనికీ పోలికే లేదు. ఇక్కడ వంటవాడు చేసే పనంతా మంటను కనిపెట్టుకుని ఉండడమే. ఏ దుంగ ఎప్పుడు వేయాలి, గాలి ఎటు వీస్తోంది, మూత ఎంతసేపు మూసి ఉంచాలి అన్నది పక్కన నిలబడి నేర్చుకోవలసిందే.

ఆ భవనం వెనుక ఒక కుటుంబం కథ ఉంది. ఆస్తి పంపకాల బాధ తెలిసిన మన ఇళ్లలో దీన్ని చెప్పుకుని తీరాలి. 1900లో చార్లెస్ క్రైట్స్ మొదలుపెట్టిన క్రైట్స్ మార్కెట్ అనే మాంసం దుకాణాన్ని, అక్కడే పనిచేస్తూ ఎదిగిన ఎడ్గర్ ష్మిట్ 1948లో కొన్నాడు. అందరూ ఆయనను స్మిటీ అని పిలిచేవారు. 1984లో వ్యాపారాన్ని కొడుకులు రిక్, డాన్‌లకు అమ్మాడు. 1990లో ఆయన పోయాక భవనం మాత్రం కూతురు నీనా సెల్స్‌కు దక్కింది. వ్యాపారం ఒకరిది, గోడలు మరొకరివి. అద్దె దగ్గర మాట కుదరలేదు. 1999లో రిక్, క్రైట్స్ మార్కెట్ అన్న పేరును తీసుకుని, ఊళ్లోనే ఉత్తరాన కట్టిన పెద్ద భవనానికి మారిపోయాడు. వెళ్తూ వెళ్తూ పాత పొయ్యిలోని నిప్పులను ఇనుప తొట్టిలో వేసుకుని, వీధి వెంట లాక్కుంటూ తీసుకెళ్లి కొత్త పొయ్యి రాజేశారు. నీనా పాత భవనంలోనే తండ్రి పేరుతో స్మిటీస్ తెరిచింది. ఆమె కొడుకు పొయ్యి దగ్గర నిలబడ్డాడు.

ఈ కథను పత్రికలు తోబుట్టువుల పోరుగా రాశాయి. నేను అలా చూడను. ఆ తగాదాలో ఇద్దరిలో ఎవరు అమ్ముకుని వెళ్లిపోయినా ఎవరూ తప్పు పట్టేవారు కాదు. ఇద్దరూ పొయ్యినే ఎంచుకున్నారు. ఒక పొయ్యి ఉన్న కుటుంబానికి రెండు పొయ్యిలు వచ్చాయి. కోర్టుల చుట్టూ తిరిగి తాతల నాటి హోటళ్లను తాళాలకు అప్పగించిన కుటుంబాలు మన దగ్గర ఎన్నో ఉన్నాయి కాబట్టే ఈ కథ నా మనసుకు అంతగా పట్టింది.

అదే ఊళ్లో 1932 నుంచి ఒకే కుటుంబం చేతిలో నడుస్తున్న బ్లాక్స్ ఉంది. లాక్‌హార్ట్ దాటి చూసినా ఈ వరుస ఆగదు. ఎల్గిన్‌లో సాసేజ్‌లకు పేరుపడ్డ సౌత్‌సైడ్ మార్కెట్ 1882లో మొదలైంది. టేలర్‌లో 1949 నాటి లూయీ మ్యూలర్ దుకాణాన్ని ఇప్పుడు మూడో తరం నడుపుతోంది. వచ్చినవారు గోడకు గుచ్చి వెళ్లిన విజిటింగ్ కార్డులు పొగకు గోధుమరంగుకు తిరిగి కనిపిస్తాయి. 2006లో దానికి అమెరికా వంటల రంగంలో పేరున్న జేమ్స్ బియర్డ్ సంస్థ పురస్కారం వచ్చింది. 2024లో భోజనశాలలకు నక్షత్రాలిచ్చే మిషెలిన్ గైడ్ తొలిసారి టెక్సాస్‌కు వచ్చి నాలుగు కొత్త తరం బార్బెక్యూ దుకాణాలకు నక్షత్రాలు ఇచ్చిన తరువాత, పాతవాటి పని అయిపోయిందనే మాట అక్కడక్కడా వింటున్నాను. కొత్తవారు బాగా వండుతున్నారు, సంతోషమే. కానీ వాళ్లకు దారి వేసింది ఈ పాత పొయ్యిలే. ఆ మాట మరిచిపోయి రుచికి మార్కులు వేయడం న్యాయం కాదు.

జర్మన్ల కథ చెప్పి ఆగిపోవడం కూడా న్యాయం కాదు. నేలలో గుంట తవ్వి, కట్టెలు నిప్పులయ్యేదాకా కాల్చి, రాత్రంతా మేలుకుని మాంసం వండే పనిని దక్షిణాదిలో తరతరాలుగా చేసినవారు బానిసలుగా ఉన్న నల్లజాతి ప్రజలు. 1865 జూన్ 19న గాల్వెస్టన్‌లో విముక్తి ప్రకటన వినిపించాక, ఏటా ఆ రోజున వాళ్లు జరుపుకొనే పండుగలో బార్బెక్యూ తప్పనిసరి. జూన్‌టీన్త్‌గా 2021 నుంచి అది దేశమంతటికీ సెలవు దినం. దక్షిణ టెక్సాస్‌లో మెక్సికన్ కుటుంబాలు ఆవు తలను మెస్కీట్ కట్టెల నిప్పుల మీద భూమిలో కప్పిపెట్టి వండే బార్బకోవా ఇంకో ధార. బ్రౌన్స్‌విల్‌లో 1955 నుంచి ఆ పద్ధతిని ఒక కుటుంబం కాపాడుకుంటూ వస్తోంది. కౌంటర్ పైన ఉండే పేరు ఎవరిదైనా, పొయ్యి దగ్గర చెమటోడ్చినవారిలో నల్లవారు, మెక్సికన్లు ఎప్పుడూ ఉన్నారు. ఆ కొట్లలో చాలాచోట్ల వాళ్లను వెనుక గుమ్మం దగ్గరే నిలబెట్టి అమ్మిన కాలమూ ఉంది. పిల్లలను తీసుకెళ్లేటప్పుడు ఈ సంగతి కూడా చెప్పాలి. కులం పేరుతో వేరే గ్లాసులు పెట్టిన టీ కొట్లు ఉన్న దేశం నుంచి వచ్చినవాళ్లం. దాన్ని వివరించడానికి మనకు మాటలు వెతుక్కోవలసిన పని లేదు.

ఇక డబ్బు సంగతి. అందరూ అడిగే బ్రిస్కెట్ ఎద్దు ఛాతీ భాగం. కొవ్వు చెక్కి, గంటల తరబడి వండేసరికి పచ్చి మాంసం బరువులో దాదాపు సగం పోతుంది. పన్నెండు పౌండ్లు కొంటే చేతికి వచ్చేది ఆరు పౌండ్లే. పైగా 2024 లెక్కల ప్రకారం అమెరికాలో పశువుల సంఖ్య 1951 తరువాత ఎన్నడూ లేనంత తక్కువకు పడిపోయింది. వరుస కరువులతో రైతులు మేత కొనలేక మందలను అమ్ముకున్నారు. పౌండు ముప్పై డాలర్లంటే మనకు ఎక్కువనిపిస్తుంది. ఆ ధరలో కట్టెలు, రాత్రి కాపలా, చేతికి రాకుండా పోయిన సగం బరువు అన్నీ ఉన్నాయి. గొలుసు హోటళ్లకు నష్టాన్ని పంచుకోవడానికి వంద శాఖలుంటాయి. ఒక్క పొయ్యి ఉన్న కుటుంబానికి ఆ వీలు లేదు.

అన్నిటికంటే నన్ను కలవరపెట్టేది పొగ మీద వచ్చే ఫిర్యాదులు. 2015లో ఆస్టిన్ నగర మండలి ముందుకు ఒక ప్రతిపాదన వచ్చింది. ఇళ్లకు దగ్గరలో ఉన్న బార్బెక్యూ దుకాణాలు పొగను తగ్గించే యంత్రాలు పెట్టుకోవాలని దాని సారం. యజమానులు అంత ఖర్చు భరించలేమని మొత్తుకున్నారు, చివరికి ఆ ప్రతిపాదన ముందుకు సాగలేదు. కానీ అది మళ్లీ రాదన్న హామీ లేదు. లాక్‌హార్ట్ చుట్టూ కూడా ఇప్పుడు కొత్త ఇళ్ల కాలనీలు లేస్తున్నాయి. ఆ ఇళ్లు కొంటున్నవారిలో మనవాళ్లూ ఉన్నారు. పొయ్యి ముందు వచ్చింది, ఇల్లు తరువాత వచ్చింది. పొగ పడనివారి ఇబ్బందిని నేను చిన్నచూపు చూడను. దుకాణం నిలిచే పద్ధతిలోనే దానికి దారి వెతకాలి. రేపు మన కాలనీ సంఘంలో ఇలాంటి ఫిర్యాదు మీద సంతకాలు అడిగితే, దుకాణం పక్షాన మాట్లాడే తెలుగువాళ్లు కొందరైనా ఉండాలని నా కోరిక.

హైదరాబాద్ హలీంకు 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు మనమంతా గర్వపడ్డాం. రంజాన్ నెలలో మట్టి భట్టీ కింద కట్టెలు మండుతూ, పైన పన్నెండు గంటల పాటు గోధుమలు, మాంసం కలిసి నలిగే ఆ వంటను గ్యాస్ పొయ్యి మీదికి మార్చమంటే ఒప్పుకుంటామా? మాంసం తినని హైదరాబాదీలు కూడా హలీం తమ ఊరి పేరేనంటారు. టెక్సాస్ విషయంలోనూ అంత చొరవ చూపాలి.

మన సంఘం వేసవి పిక్నిక్‌కు ఏటా ట్రేలకొద్దీ బిర్యానీ తెప్పించి పార్కులో కూర్చుంటాం. దాన్ని మానేయమని అనడం లేదు. దానితో పాటు ఏడాదికి ఒక శనివారం పొద్దున లాక్‌హార్ట్‌కు వెళ్లే కార్యక్రమం పెట్టాలని కార్యవర్గాన్ని కోరుతున్నాను. ముందే ఫోను చేసి అడిగి, రద్దీ లేని వేళ పొయ్యి దగ్గర పనిచేసేవారితో పిల్లలు పది నిమిషాలు మాట్లాడేలా చూడాలి. వాళ్లు విన్నది ఈ పత్రిక బాలల పేజీలో రాయాలి, తెలుగులోనే.

వెళ్లేవారికి కొన్ని సూచనలు. మధ్యాహ్నానికి ముందే చేరుకోవాలి, ఆలస్యమైతే కొన్ని రకాలు అయిపోతాయి. గొడ్డుమాంసం తిననివారికి పంది పక్కటెముకలు, పోర్క్ చాప్ ఉంటాయి, బ్లాక్స్‌లో టర్కీ కూడా దొరుకుతుంది. సాసేజ్‌లో ఎక్కువ భాగం గొడ్డుమాంసమే, జాగ్రత్త. అన్నీ ఒకే మొద్దు మీద, ఒకే కత్తితో కోస్తారు కాబట్టి పట్టింపు ఉన్నవారు వరుసలో ముందుకు రాగానే ఆ మాట చెప్పి, వేరే కత్తి వాడగలరా అని మర్యాదగా అడగాలి. శాకాహారులు బీన్స్ తీసుకునే ముందు అందులో మాంసం వేశారేమో కనుక్కోవాలి, చాలాచోట్ల వేస్తారు. పిల్లలకు వేడి తగలకుండా స్మిటీస్ వెనుక వాకిలి దగ్గర చెయ్యి పట్టుకుని నడిపించాలి. కార్లలో జాగా పంచుకోగలవారు, ముందుండి ఏర్పాట్లు చూడగలవారు కార్యదర్శికి పేర్లు ఇవ్వండి. తేదీ ఖరారు చేసే పని నేను తీసుకుంటాను.