ఖనిజం ఉంది, కొనేవాడే లేడు: ఎలియట్ లేక్ ఎదుగుదల కథ

కెనడాలోని ఆంటారియోలో, హ్యూరాన్ సరస్సుకు ఉత్తరాన ఉన్న ఎలియట్ లేక్ 1950ల మొదట్లో అడవి. ఆ దశాబ్దం చివరికి అక్కడ సుమారు పాతిక వేల మంది ఉన్నారు. 1960ల మధ్యకు ఏడు వేలకు పడిపోయారు. 2021 జనగణనలో 11,372 మంది తేలారు. యురేనియం తరిగిపోయి ఇలా జరిగిందనుకుంటే పొరపాటు. ఊరిని పెంచిందీ కూల్చిందీ కొనుగోలు ఒప్పందాలే.

అక్కడి గులకరాతి పొరల్లో రేడియోధార్మికతను పసిగట్టే గీగర్ కౌంటర్ మోగేది, కానీ పైనుంచి తీసిన రాయిని పరీక్షిస్తే యురేనియం దాదాపు ఉండేది కాదు. రాతిలోని పైరైట్ (ఇనుము, గంధకం కలిసిన ఖనిజం) గాలికి, వానకు ఆమ్లంగా మారి యురేనియాన్ని కడిగేసిందనీ, మిగిలిన థోరియం అనే మరో రేడియోధార్మిక మూలకం వల్లే కౌంటర్ మోగుతోందనీ భూగర్భ శాస్త్రవేత్త ఫ్రాంక్ జూబిన్ గ్రహించాడు. జోసెఫ్ హిర్ష్‌హార్న్ పెట్టుబడితో 1953లో లోతుకు డ్రిల్ చేయించాడు. గుట్టుగా సుమారు 1,400 క్లెయిములు (గని తవ్వుకునే హక్కు కోసం గుర్తు పెట్టిన స్థలాలు) పాతించాడు. 1955లో ప్రోంటో గని మొదలైంది, మిగతావి వెంటనే వచ్చాయి. ఇళ్లు లేవకముందే కుటుంబాలు ట్రైలర్లలో దిగిపోయాయి.

సరుకులో ఎక్కువ భాగం అమెరికా అణ్వాయుధాల కోసమే. 1959లో అమెరికా ఒప్పందాలను పొడిగించబోనని చెప్పగానే గనులు వరుసగా మూతపడ్డాయి. 1970ల్లో ఆ రాష్ట్ర విద్యుత్ సంస్థ ఆంటారియో హైడ్రో రియాక్టర్లకు ఇంధనం కావాల్సి రావడంతో ఊరు మళ్లీ నిండింది. ఈసారీ ప్రధానంగా ఒక్క కొనుగోలుదారుకే ఊరిని తాకట్టు పెట్టారు, నా దృష్టిలో అసలు తప్పు ఇదే. ఎలియట్ లేక్ ఖనిజంలో యురేనియం వెయ్యింట ఒక వంతు. కెనడాలోనే మరో రాష్ట్రమైన సస్కాచెవాన్‌లో అంతకు ఎన్నో రెట్లు గాఢమైన ఖనిజం దొరికాక ఇక్కడి ధర నిలబడలేదు. 1990లో మూసివేతలు ప్రకటించారు, 1996లో చివరి గని స్టాన్లీ ఆగింది.

మధ్యలో 1974లో కార్మికులు పని ఆపేశారు. తమలో ఊపిరితిత్తుల క్యాన్సర్ ఎంత పెరిగిందో చెప్పే లెక్కలు ఫ్రాన్స్‌లో జరిగిన సదస్సు ద్వారా బయటికి రావడమే అందుకు కారణం. గని కార్మికుల ఆరోగ్య, భద్రతలపై విచారించిన హామ్ కమిషన్, ఆ తర్వాత ఆంటారియో కార్మిక భద్రతా చట్టం ఆ సమ్మె ఫలితమే. ఊరు దేశానికిచ్చిన వాటిలో యురేనియం కన్నా ఇదే విలువైనది.

గనులు పోయాక ఖాళీ ఇళ్లను రిటైరైనవారికి తక్కువ అద్దెకిచ్చి ఊరిని నిలబెట్టారు. తెలివైన పనే. కానీ పాత నిర్మాణాల మరమ్మతుల భారం అలాగే ఉండిపోయింది. ఊళ్లోని ఆల్గో సెంటర్ మాల్‌కు పైకప్పే పార్కింగ్. కట్టినప్పటి నుంచీ కారుతూనే ఉండేది. కార్లు మోసుకొచ్చిన రోడ్డు ఉప్పు నీళ్లతో దిగి ఉక్కు జాయింట్లను తినేసింది. 2012 జూన్ 23న ఒక వెల్డింగ్ తెగి కప్పులో ఒక భాగం కూలింది, ఇద్దరు మహిళలు చనిపోయారు. మూడు దశాబ్దాలు బకెట్లు పెట్టుకుంటూ గడిపారే తప్ప పైకప్పును సరిచేయలేదు.

గని వ్యర్థాల సంగతి మరీ పెద్దది. వాటిలోనూ పైరైట్ ఉంది. గాలి తగిలితే మళ్లీ ఆమ్లమే, ఒకప్పుడు సర్పెంట్ నది వ్యవస్థను పాడుచేసింది అదే. నదికి దిగువన సర్పెంట్ రివర్ ఫస్ట్ నేషన్ అనే ఆదివాసీ ప్రజలుంటారు. అందుకే వ్యర్థాలను చాలాచోట్ల నీటి కింద ఉంచుతారు. బయటికొచ్చే నీటికి సున్నం కలిపి ఆమ్లాన్ని, బేరియం క్లోరైడ్ కలిపి రేడియం అనే రేడియోధార్మిక మూలకాన్ని తగ్గిస్తారు. కరవొచ్చి నీటిమట్టం తగ్గినా, కట్ట కారినా మొదటికొస్తుంది. కడప జిల్లా తుమ్మలపల్లె యురేనియం గని వ్యర్థాల చెరువు పక్కన బతుకుతున్నవారు అడగాల్సిన ప్రశ్న కూడా ఇదే: గని మూతపడ్డాక ఆ కట్టను ఎవరు, ఏ డబ్బుతో కాపాడతారు?