గగనయానంపై తిరుగుతున్న సందేశానికి నా జవాబు

ఈ వారంలో ఆ సందేశం నాకు అందడం ఇది నాలుగోసారి. మొదట మా కాలనీ వాట్సాప్ గ్రూపులో వచ్చింది, తర్వాత ఇందిరా పార్కులో ఉదయం నడకకు వచ్చే మిత్రులు ఇద్దరు పంపారు, నిన్న రాత్రి మా పెద్ద బావగారు కూడా పంపారు. మన వ్యోమగాములను మన సొంత నౌకలో అంతరిక్షానికి పంపే ఇస్రో కార్యక్రమం గగనయానం మీద అది. “పేద దేశానికి గగనయానం ఎందుకు?” అన్న శీర్షిక కింద అయిదు అభియోగాలున్నాయి: చంద్రుడి మీదికి మనిషి వెళ్లనేలేదు, రాకేశ్ శర్మ వెళ్లివచ్చి ఒరిగించిందేమీ లేదు, యంత్రాలు చాలు గాని మనుషులు వెళ్లనక్కర లేదు, అంగారకుడి మీద నివాసం పగటికల, ఆకలిగొన్నవారి డబ్బును ఆకాశంలో తగలబెడుతున్నారు.

మొదటిదానికి ఒక్క వాక్యం చాలు. అమెరికా అపోలో యాత్రికులు చంద్రుడి నుంచి తెచ్చిన 382 కిలోల రాళ్లనూ మట్టినీ శాస్త్రవేత్తలు అర్ధ శతాబ్దంగా పరీక్షిస్తున్నారు, మన చంద్రయాన్-2 తీసిన చిత్రాల్లోనే అపోలో 11 దిగిన చోటు కనిపిస్తుంది. ఇక రాకేశ్ శర్మ 1984లో అంతరిక్షంలోకి వెళ్లింది పరాయి నౌకలో, సోవియట్ నౌకలో. సొంత నౌక కట్టుకోవడానికి అదే కారణం కావాలి.

ఆకలిగొన్నవారి డబ్బన్న అయిదో అభియోగం దగ్గర మాత్రం నా ఓపిక నశిస్తోంది, ఎందుకంటే అది జాలి వేషంలో వచ్చి చదివినవారిని తల దించుకునేలా చేస్తుంది. 2018లో ఆమోదం పొందిన గగనయానానికి, 2028 దాకా సాగే ప్రయోగాలతో కలిపి, సవరించిన అంచనా 20,193 కోట్ల రూపాయలు. 140 కోట్ల మందికి పంచితే పదేళ్లకు కలిపి తలకు 144 రూపాయలు, ఏడాదికి 15 రూపాయలైనా కాదు. ఆ డబ్బుకు మన హైదరాబాద్‌లో ఇరానీ చాయ్ కూడా రాదు. అదే కేంద్రం 2024-25 బడ్జెట్‌లో ఒక్క ఆహార సబ్సిడీకే 2 లక్షల కోట్లకు పైగా కేటాయించింది, అంటే పదేళ్ల గగనయానానికి పది రెట్లు ఒక్క ఏడాదిలోనే. అంత ఖర్చయ్యాక కూడా ఒక ఇంట్లో పొయ్యి వెలగలేదంటే లోపాన్ని పంపిణీలో, కూలిరేట్లలో వెతకాలి గాని శ్రీహరికోటలో కాదు. రేషను తూకం తగ్గిందని ఈ సందేశం పంపినవారిలో ఒక్కరైనా ఏనాడైనా అడిగారా? పైగా ఆ డబ్బు ఆకాశంలోకి పోదు. రాకెట్లకు కావలసిన ప్రత్యేక ఉక్కు మన కంచన్‌బాగ్‌లోని ప్రభుత్వ లోహ సంస్థ మిధానిలో, రాకెట్లను నడిపే వికాస్ ఇంజన్లు మన బాలానగర్‌లో తయారవుతున్నాయి. ఆ జీతాలతో ఈ నగరంలోనే ఇళ్లు నడుస్తున్నాయి.

యంత్రాలు చాలన్న మాటలో కొంత నిజముందని ఒప్పుకుంటాను. తుఫాను జాడ ముందే చెప్పి మన తీరాన్ని కాపాడుతున్నవి మనిషి లేని ఉపగ్రహాలే. ఆ ఘనతను మానవయాత్రల ఖాతాలో వేయడం వాటిని సమర్థించే నాలాంటివారు చేసే పొరపాటు. అన్వేషణ సంగతి వేరు. 1972లో అపోలో 17 యాత్రికులు చంద్రుడి మీద మూడు రోజుల్లో బండిపై సుమారు 35 కిలోమీటర్లు తిరిగారు. అంగారకుడి మీద తిరిగిన అమెరికా ఆపర్చునిటీ యంత్రానికి 42 కిలోమీటర్లు దాటడానికి 11 ఏళ్లు పట్టింది. అపోలో 17లో వెళ్లిన భూగర్భ శాస్త్రవేత్త హారిసన్ ష్మిట్ నారింజ రంగు మట్టిని చూసిన వెంటనే అక్కడే తవ్వి నమూనా తీశారు. అంగారకుడి మీది యంత్రానికి భూమి నుంచి ‘ఆగు’ అన్న మాట చేరడానికే 3 నుంచి 22 నిమిషాలు కావాలి.

అంగారక నివాసం విషయంలో కొందరు కుబేరులు ప్రకటించే గడువులను నేనూ నమ్మను. అక్కడ సగటున మైనస్ 60 డిగ్రీల చలి, భూమితో పోలిస్తే నూరో వంతు కూడా లేని గాలి పీడనం ఉన్నాయి; నాసా పంపిన మాక్సీ పరికరం అక్కడి గాలి నుంచి మొత్తం మీద తీసిన ప్రాణవాయువు 122 గ్రాములు, ఒక మనిషికి నాలుగు గంటలకైనా చాలదు. ఇక్కడి నేలను పాడుచేసుకుని అక్కడికి పారిపోవచ్చని చెప్పేవారు మా పక్షానికే ద్రోహం చేస్తున్నారు. అయినా కష్టమైనదాన్ని అసాధ్యమని తేల్చేస్తే ఎలా? 2000 నవంబరు నుంచి అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం ఒక్కరోజైనా మనిషి లేకుండా లేదు. 2025లో మన వ్యోమగామి శుభాంశు శుక్లా అక్కడ మెంతులు, పెసలు మొలకెత్తించారు. చెమట, మూత్రంతో సహా అక్కడ వాడిన నీటిలో 98 శాతాన్ని తిరిగి తాగునీరుగా మార్చగలుగుతున్నారు. ఎండాకాలం వచ్చేసరికి ట్యాంకరు కోసం ఎదురుచూసే మన నగరానికి ఆ విద్య పనికిరాదా?

బావగారూ, ఆ సందేశం చివర ‘పదిమందికి పంపండి’ అని ఉంది. మీరు పంపిన పదిమందికీ ఆ 20,193 కోట్ల పక్కన ఆహార సబ్సిడీ అంకెను కూడా పంపవలసిందిగా కోరుతున్నాను.