‘కనీసం 2 సంవత్సరాల అనుభవం’ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ ‘కనీసం 2 సంవత్సరాల అనుభవం’ గారి సముఖమునకు,

చదువు ముగించుకుని బయటికి వచ్చిన నాటి నుంచి తమ దర్శనం కాని ఉద్యోగ ప్రకటన ఒక్కటీ నా కంట పడలేదు. పైన పెద్ద అక్షరాలతో ‘కొత్తవారికి అవకాశం’ అని కనబడితే ఆశగా కిందికి దిగేదాన్ని. నాలుగో వరుసలో తమరు తీరిగ్గా కూర్చుని ఉండేవారు. పెళ్లి కుదిరితే గాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గాని పెళ్లి కుదరదన్న సామెతను పెద్దలు ఎవరిని చూసి కట్టారో నాకు అప్పుడే బోధపడింది.

ఒక రాత్రి దరఖాస్తు నింపుతూ, అనుభవం అన్న గడిలో నిజాయతీగా 0 కొట్టాను. ‘సరైన సంఖ్య నమోదు చేయండి’ అంటూ ఎర్ర అక్షరాలు వచ్చాయి. ఖాళీగా వదిలితే ‘ఈ వివరం తప్పనిసరి’ అన్నాయి. చదువులో భాగంగా 6 నెలలు చేసిన ప్రాజెక్టు ఉంది కదా అని 0.5 కొడితే, చుక్క పనికిరాదన్నాయి.

తమ నిక్కచ్చితనం ముందు సృష్టికర్తలకే దిక్కు లేదు, నేనెంత? ఫాస్ట్‌ఏపీఐ అనే సాఫ్ట్‌వేర్‌ను తయారుచేసిన సెబాస్టియన్ రామిరెజ్ 2020లో ఒక ప్రకటన చూశారు. అందులో ఫాస్ట్‌ఏపీఐలో 4 ఏళ్లకు పైబడిన అనుభవం అడిగారు. దాన్ని తాను తయారుచేసి ఏడాదిన్నరే అయింది కాబట్టి ఆ ఉద్యోగానికి దరఖాస్తు చేసుకోలేకపోయానని ఆయన ట్విట్టర్‌లో రాసుకున్నారు.

తమరు నన్ను కాదన్నందుకు నాకు కోపం లేదు. కానీ ఆకలి రుచి ఎరుగదు కదా. ఏ పని చేస్తుంటే నాకు పొద్దు తెలియదు, నేర్పే మనిషి పక్కన ఉంటాడా లేడా అని అడగవలసిన ప్రశ్నలన్నీ మింగేసి, ‘తీసుకుంటారా’ అన్న ఒక్క ప్రశ్నతో తిరిగి, చివరికి తీసుకున్న చోట, నాకు బొత్తిగా గిట్టని పనిని 2 ఏళ్లు చేశాను. తమరు కోరిన అనుభవం వచ్చింది; దాన్ని చూసి, వదిలించుకుందామనుకున్న ఆ పనికే అందరూ పిలుస్తున్నారు. నచ్చిన పని వైపు వెళ్దామంటే, అక్కడ మళ్లీ తమరే ఎదురొస్తున్నారు.

మొన్న మా విభాగంలోకి ఒకరిని తీసుకోవలసి వచ్చి, ప్రకటన రాసే భాగ్యం నాకు దక్కింది. ఈ 2 ఎక్కడిదని పై అధికారిని అడిగితే, “పాత ప్రకటనలో ఉంది కదా” అన్నారు. ఆ పాతది తీసి చూస్తే, అది అంతకుముందు దానికి అచ్చుతప్పుతో సహా నకలు. పనేమో పక్కన కూర్చోబెట్టుకుని 3 వారాలు చూపిస్తే వచ్చేది. ఇన్నాళ్లూ నేను హడలిపోయిన తమ వంశచరిత్ర ఇదన్నమాట!

తమరిని చెరిపేసి, ఆ ఉద్యోగంలో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా చేయవలసింది ఏమిటో, ఎవరు నేర్పుతారో 4 వాక్యాలు రాశాను. ప్రకటన పెట్టే ఫారంలో ‘కనీస అనుభవం’ అన్న గడి వచ్చింది. 0 కొట్టాను. ఎర్ర అక్షరాలు నన్ను గుర్తుపట్టాయి.

ఇట్లు,
తమ పాత దరఖాస్తుదారు