ట్యూనర్లు మార్చినంత మాత్రాన శ్రుతి నిలవదు

తక్కువ ధర ఎలక్ట్రిక్ గిటార్ల గురించి ఒక సలహా విస్తృతంగా ప్రచారంలో ఉంది. దాని ప్రకారం, ఉన్న ట్యూనర్లు (తీగలను బిగించి శ్రుతి చేసే మరలు) తీసేసి లాకింగ్ ట్యూనర్లు పెట్టాలి, బ్రిడ్జిని (బాడీ మీద తీగలు ఆనే భాగాన్ని) బరువైన ఇత్తడి లేదా ఉక్కు బ్రిడ్జితో మార్చాలి, ప్లాస్టిక్ నట్ (గిటార్ మెడ, అంటే నెక్, పైకొనలో తీగలు కూర్చునే గాడుల పట్టీ) స్థానంలో ఎముక నట్ అమర్చాలి. అలా చేస్తే శ్రుతి చెదరదని, స్వరం మారుతుందని, సస్టెయిన్ (మీటిన స్వరం మోగుతూ నిలిచే సమయం) పెరుగుతుందని, గిటార్ ఖరీదైనదానితో సమానమవుతుందని, ఇదంతా ఒక్క స్క్రూడ్రైవర్‌తో అయిపోతుందని చెబుతారు. ఒక్కో మాటనూ విడదీసి చూస్తే ఇందులో నిలిచేది తక్కువే.

ట్యూనర్లు జారడం వల్లే శ్రుతి తప్పుతుందన్నది మొదటి మాట. ట్యూనర్ లోపల ఉండేది వర్మ్ గేరు, అంటే ఒక మర, అది తిప్పే పళ్ల చక్రం. బటన్ తిప్పితే తీగ చుట్టుకునే పోస్టు తిరుగుతుంది గానీ, తీగ ఎంత బలంగా లాగినా పోస్టు వెనక్కి తిరిగి బటన్‌ను తిప్పలేదు. గేరు నిష్పత్తి 14:1 నుంచి 18:1కి మారితే శ్రుతి చేయడం మరింత సున్నితమవుతుందే తప్ప పట్టు పెరగదు. అంతకన్నా ముఖ్యమైన విషయం ఒకటుంది: ట్యూనర్ నిజంగానే జారితే తీగ వదులై శ్రుతి దిగాలి, దానంతట అది ఎక్కడం అసాధ్యం. కానీ ట్రెమొలో చేతిని (బ్రిడ్జిని కదిపి తీగలను వదులు చేసే కడ్డీని) కిందికి నొక్కి వదిలినప్పుడు చాలా గిటార్లలో శ్రుతి కొద్దిగా ఎక్కి నిలబడుతుంది. ఆ దోషాన్ని ట్యూనర్ మీద మోపడం కుదరదు.

అసలు దోషి చాలా సందర్భాల్లో నట్ గాడి. ట్రెమొలో నొక్కినప్పుడు వదులైన తీగ కొంత నట్ దాటి హెడ్‌స్టాక్ (ట్యూనర్లు ఉండే తల భాగం) వైపు జరుగుతుంది. తిరిగి వచ్చేటప్పుడు గాడిలో ఇరుక్కుంటే, వాయించే భాగంలో తీగ తక్కువై శ్రుతి ఎక్కుతుంది. తీగను బెండ్ చేసినప్పుడు (వేలితో పక్కకు లాగినప్పుడు) జరిగేది దీనికి సరిగ్గా వ్యతిరేకం, అక్కడ వదిలాక శ్రుతి దిగుతుంది. పరీక్షించడం సులువు. తీగను బెండ్ చేసి వదిలాక శ్రుతి దిగిందనుకుందాం. నట్‌కూ ట్యూనర్‌కూ మధ్య ఉన్న ముక్కను వేలితో ఒక్కసారి నొక్కి వదలాలి. శ్రుతి మళ్లీ పైకి వస్తే తీగ గాడిలోనే ఆగిందన్నమాట. బటన్ తిప్పుతుంటే కాసేపు ఏ మార్పూ లేక, హఠాత్తుగా ‘టింగ్’మని శ్రుతి గెంతడం కూడా ఇదే జబ్బుకు లక్షణం. హెడ్‌స్టాక్‌కు చెరోవైపు మూడేసి ట్యూనర్లు ఉన్న గిటార్లలో తీగలు నట్ దగ్గర పక్కకు మళ్లుతాయి కాబట్టి మధ్య తీగలకు, ముఖ్యంగా జీ తీగకు, ఈ బాధ ఎక్కువ. సన్నని 9 గేజ్ తీగలకు కోసిన గాడిలో లావైన 11 గేజ్ తీగలు వేసినా ఇంతే. గాడిలో పెన్సిల్ మొన రుద్దితే తాత్కాలికంగా తీరుతుంది. సరైన మందం ఉన్న నట్ ఫైలుతో గాడిని, లోతు పెంచకుండా, కొద్దిగా వెడల్పు చేయిస్తే శాశ్వతంగా తీరుతుంది.

1979లో పేటెంటు పొందిన ఫ్లాయిడ్ రోజ్ ట్రెమొలో పద్ధతి కూడా ఈ సంగతినే చూపుతుంది. అందులో తీగను బ్రిడ్జి దగ్గరే కాదు, నట్ దగ్గర కూడా బిగించి పట్టేస్తారు. ఒకసారి బిగించాక ట్యూనర్లు ఏ రకానివైనా ఒకటే.

లాకింగ్ ట్యూనర్లు వృథా అని నా ఉద్దేశం కాదు. అవి తీగ కొనను పోస్టులోనే పట్టి ఉంచుతాయి కాబట్టి చుట్లు అవసరం లేదు. వదులుగా పేర్చిన చుట్లు సర్దుకోవడం వల్ల వచ్చే దోషం పోతుంది, తీగలు మార్చడం చకచకా అయిపోతుంది. పళ్లు అరిగి పోస్టు ఊగిపోతున్న ట్యూనర్లను మార్చవలసిందే. అయితే నట్ దగ్గరి రాపిడిని ఏ ట్యూనరూ తీర్చలేదు.

ఎముక నట్ వల్ల స్వరం మారుతుందన్న మాటకు ఎక్కువ సమాధానం అక్కర్లేదు. ఏదైనా ఫ్రెట్ (నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు కడ్డీ) దగ్గర నొక్కిన మరుక్షణం తీగకు హద్దు ఆ ఫ్రెట్ లోహమే. నట్ పదార్థం ప్రభావం ఏమైనా ఉంటే అది ఓపెన్ తీగలకే, అంటే ఎక్కడా నొక్కకుండా మీటే తీగలకే, పరిమితం.

ఇక బరువైన బ్రిడ్జి, సస్టెయిన్ సంగతి. సాధారణంగా గట్టి బాడీ ఉన్న గిటార్‌లో బ్రిడ్జి కన్నా నెక్ ఎక్కువగా కదులుతుంది. కొన్ని ఫ్రెట్ల దగ్గర మాత్రమే స్వరం తొందరగా చచ్చిపోవడానికి కారణం ఎక్కువగా నెక్ కంపనమే, దాన్ని ఇత్తడి మార్చలేదు. సింగిల్ కాయిల్ పికప్‌ను (తీగ కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే భాగాన్ని) తీగలకు మరీ దగ్గరగా ఎత్తితే దాని అయస్కాంతాలు తీగను లాగి కంపనాన్ని చెడగొడతాయి. పికప్‌ను స్క్రూతో కాస్త దించడానికి ఖర్చేమీ లేదు. మరి బ్రిడ్జి మార్చినవారికి తేడా ఎందుకు వినిపిస్తుంది? మార్చేటప్పుడు కొత్త తీగలు వేస్తారు, తీగల ఎత్తు సరిచేస్తారు, ఇంటొనేషన్ (నెక్ పొడవునా స్వరాలు సరిగా పలికేలా తీగ పొడవు సరిచేయడం) చూసుకుంటారు. ఇవన్నీ పాత బ్రిడ్జి మీద కూడా చేసి విన్న తర్వాతే ఆ ఘనతను లోహానికి కట్టబెట్టడం న్యాయం.

స్క్రూడ్రైవర్ ఒక్కటే చాలన్న మాట కొలతల దగ్గర తేలిపోతుంది. పాత ఫెండర్ స్ట్రాటోకాస్టర్ గిటార్ తరహా ట్రెమొలోలో బ్రిడ్జిని బాడీకి బిగించే స్క్రూల్లో రెండు చివరివాటి మధ్య దూరం సుమారు 56 మిల్లీమీటర్లు ఉంటే, తక్కువ ధర గిటార్లలో చాలావాటికి అది 52.5 మిల్లీమీటర్లే. వెడల్పు బ్రిడ్జిని సన్నని నెక్‌కు అమర్చితే రెండు అంచుల్లో ఉండే E తీగలు ఫ్రెట్ల అంచు దాటి జారిపోతాయి. బాడీ పలచనైతే పూర్తి పొడవు బ్లాకు (ట్రెమొలో బ్రిడ్జి అడుగున ఉండే లోహపు దిమ్మ) వెనుక వైపు పొడుచుకొస్తుంది. హెడ్‌స్టాక్‌లో ట్యూనర్ కూర్చునే రంధ్రం కొన్నింటికి 10 మిల్లీమీటర్లు, పాత పద్ధతివాటికి తొమ్మిదికి లోపే.

ఖరీదైన గిటార్‌తో సమానమన్న మాటకైతే ఈ భాగాలతో సంబంధమే లేదు. ఆ ధరలో ఒక వాటా ఫ్రెట్లను ఒకే మట్టానికి అరగదీసి, అంచులు నునుపుచేసి, నట్ గాడుల లోతు సరిచూసే చేతిపనిది. ఒక ఫ్రెట్ మిగతావాటి కన్నా వెంట్రుకవాసి ఎత్తున్నా దాని ముందరి స్వరం బరబరమంటూనే ఉంటుంది, ట్యూనర్లూ బ్రిడ్జీ ఎన్నిసార్లు మార్చినా సరే.