నోరు విప్పకపోయినా నేరమేనా?

అమెరికాలో చదువుకోవాలంటే ఇక మంచి మార్కులు, బ్యాంకులో డబ్బు ఉంటే సరిపోదు. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, ఎక్స్ ఖాతాలను అందరికీ కనబడేలా బార్లా తెరిచి పెట్టాలి. విద్యార్థులకు, ఎక్స్ఛేంజ్ కార్యక్రమాలపై వెళ్లేవారికి ఇచ్చే ఎఫ్, ఎం, జె వీసాలకు దరఖాస్తు చేసేవారికి అమెరికా విదేశాంగ శాఖ 2025 జూన్‌లో జారీ చేసిన ఆదేశమిది. అమెరికా ప్రభుత్వం పట్ల, సంస్థల పట్ల, సంస్కృతి పట్ల వైరభావం కనబడుతోందేమో వెతకాలని కాన్సులేట్లకు పురమాయించారు. అంతటితో ఆగలేదు. ఖాతాకు తాళం వేసుకున్నవాడు ఏదో దాస్తున్నాడనీ అనుకోవచ్చట. మాట్లాడితే ముప్పు, మౌనంగా ఉంటే అనుమానం!

ఈ పద్ధతి ఎక్కడ పుట్టిందో అమెరికన్లకు తెలియనిది కాదు. 1947 అక్టోబరులో ప్రతినిధుల సభకు చెందిన అమెరికా వ్యతిరేక కార్యకలాపాల కమిటీ హాలీవుడ్ రచయితలను, దర్శకులను బోనెక్కించింది. ‘మీరు ఇప్పుడు గానీ, గతంలో ఎప్పుడైనా గానీ కమ్యూనిస్టు పార్టీలో సభ్యులా?’ అన్నదే ప్రశ్న. నా రాజకీయాలతో మీకేం పనని తిరగబడిన పదిమంది జైలుకు వెళ్లారు. ఆ తర్వాత వచ్చినవారు, తనపై తాను సాక్ష్యం చెప్పుకోనక్కర్లేదని రాజ్యాంగం అయిదో సవరణ ఇచ్చిన హక్కుతో నోరు మూసుకున్నారు. వారికి ‘ఫిఫ్త్ అమెండ్‌మెంట్ కమ్యూనిస్టులు’ అన్న ముద్ర పడింది, ఉద్యోగాలు ఊడాయి. మౌనాన్నే నేరాంగీకారంగా రాసుకున్నారన్నమాట. ఇంతకీ ఆ విచారణలకు పెద్దమనిషిగా కూర్చున్న పార్నెల్ థామస్ సంగతేమిటి? లేని ఉద్యోగుల పేరిట జీతాలు మింగిన కేసులో తనవంతు వచ్చేసరికి, గ్రాండ్ జ్యూరీ ముందు ఆయన కూడా రాజ్యాంగం చాటునే దాక్కుని నోరు విప్పలేదు. చివరికి డాన్‌బరీ జైలుకు చేరాడు. తాను పంపించిన పదిమందిలో ఇద్దరు అక్కడే శిక్ష అనుభవిస్తున్నారు!

సోవియట్ గూఢచారులు నిజంగానే ఉన్నారు కదా అనేవారున్నారు. ఉన్నారు. అణు రహస్యాలు చేరవేశానని భౌతిక శాస్త్రవేత్త క్లాస్ ఫుక్స్ స్వయంగా ఒప్పుకున్నాడు. అలాగే వీసా ఎవరికివ్వాలో తేల్చుకునే హక్కు ఏ దేశానికైనా ఉంటుంది. కానీ ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకుంటామా? ఫుక్స్ చేసినది ఒక పని. పోస్టు పెట్టడం, సంఘంలో చేరడం, సంతకం చేయడం ఆ కోవలోకి రావు.

మా భయమల్లా ఒక్కటే. భయంలో చేసిన చట్టం ఆ భయం చల్లారాక కూడా చావదు. ఆ రోజుల్లో కమ్యూనిస్టుల వేట నడిపిన సెనేటర్ మెకార్తీని 1954 డిసెంబరు 2న తోటి సభ్యులే 67-22 ఓట్లతో అభిశంసించారు. మరో రెండున్నరేళ్లకు ఆయన పోయాడు. విదేశీయులను వారి భావజాలాన్ని బట్టి అడ్డుకునే 1952 నాటి మెకారన్-వాల్టర్ వలస చట్టం మాత్రం పోలేదు. అధ్యక్షుడు ట్రూమన్ వీటో చేసినా పట్టుబట్టి నెగ్గించుకున్న చట్టమది. 1990లో కాంగ్రెస్ అందులోని భావజాల నిషేధాలను చాలావరకు ఎత్తేసింది గానీ, ఒక విదేశీయుడి ఉనికి తమ విదేశాంగ విధానానికి చేటని విదేశాంగ మంత్రి తలిస్తే వెళ్లగొట్టే నిబంధనను అందులోనే చేర్చింది. కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివి, గ్రీన్‌కార్డు పొందిన ఓ పాలస్తీనా ఉద్యమకారుణ్ని 2025 మార్చిలో పట్టుకుపోయింది దీని కిందే. ఆయనపై క్రిమినల్ కేసు లేదు. చట్టబద్ధమైన నమ్మకాలైనా, మాటలైనా, సంబంధాలైనా సరే, అవి గతంలోవైనా, ఇప్పటివైనా, ఇకముందు ఉండబోయేవైనా సరే, దేశం నుంచి పంపేయడానికి ఆధారం కావచ్చని విదేశాంగ మంత్రి మార్కో రూబియో తన మెమోలో రాశారు. 1947 కమిటీ నిన్నటి గురించి, నేటి గురించి అడిగింది. ఈయన రేపటి ఆలోచనకు కూడా శిక్ష వేస్తానంటున్నారు. నేడు కొలంబియా విద్యార్థి మీద ప్రయోగించిన అధికారం రేపు ఎవరి మీదికి తిరుగుతుందో చెప్పడానికి ఆ చట్టంలో ఏ గీతా లేదు.

నష్టపోయింది ఎవరో కూడా చూడాలి. కాలిఫోర్నియాలోని కాల్టెక్ విద్యాసంస్థలో రాకెట్ పరిశోధనకు పునాదులు వేసినవారిలో ఒకరైన ఛియన్ షూసెన్‌పై 1950లో కమ్యూనిస్టు ముద్ర వేశారు. అయిదేళ్లు నిఘాలో ఉంచి, 1955లో చైనాకు సాగనంపారు. చైనా క్షిపణులకు, అంతరిక్ష కార్యక్రమానికి ఆయనే పితామహుడయ్యాడు. ఇంతకు మించిన స్వయంకృతాపరాధం అమెరికా చరిత్రలో వెతికినా అరుదే.

ఇది మనకు దూరపు కథ కాదు. 2023-24లో అమెరికాలో చదువుతున్న విదేశీ విద్యార్థుల్లో 3.31 లక్షల మందితో భారతీయులదే మొదటి స్థానం, అందులో తెలుగువారి వాటా పెద్దది. హైదరాబాద్‌లో ఇంటర్వ్యూకు ముందు పిల్లలు ఏళ్లనాటి పోస్టులు వెతికి చెరిపేస్తున్నారు. చెరిపేస్తే అది కూడా దాచడమే అంటారేమోనన్న బెంగ మరోపక్క. వీసాలు ఆ దేశ సార్వభౌమాధికార వ్యవహారమని మన విదేశాంగ శాఖ చేతులు దులుపుకుంటోంది. పిల్లల ఫీజులతో బతుకుతున్న అమెరికన్ విశ్వవిద్యాలయాలదీ ఇదే తీరు. కమ్యూనిస్టును కానని చెప్పే విధేయతా ప్రమాణంపై సంతకం పెట్టలేదని 1950లో 31 మంది అధ్యాపకులను తొలగించింది కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమే. రెండేళ్లకు ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు వారిని తిరిగి తీసుకోమనే దాకా దానికి తప్పు తెలియలేదు. ఈసారి కూడా కోర్టు మొట్టికాయ వేసేదాకా కూర్చుంటారా? లక్షలు గుంజుకుని సీటిచ్చినవారు, ఆ పిల్లవాడి ఫోన్ తెరిచి చూసే అధికారికి ఎదురు నిలబడలేకపోతే, ప్రాస్పెక్టస్‌లో ఆలోచనా స్వేచ్ఛ అన్న మాట కొట్టేయండి!